రెడ్‌మండ్ నుంచి హైదరాబాద్ ఎంత దూరం? ఎంతసేపు?

పిల్లలూ, ఈ పాఠంలో మనం మూడు మాటలు బాగా నేర్చుకుందాం: దూరం, వేగం, కాలం. స్కూల్లో మీరు ఈ లెక్కలు ఇంగ్లీషులో చేసే ఉంటారు. ఇప్పుడు తెలుగులో చేద్దాం. లెక్క కోసం రైలు, కారు ఎందుకు? మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసిన, లేదా చేయబోయే ప్రయాణాన్నే తీసుకుందాం. అదే ఇక్కడి నుంచి అమ్మమ్మ వాళ్లింటికో, నానమ్మ వాళ్లింటికో వెళ్లే ప్రయాణం.

"అమ్మమ్మ వాళ్లిల్లు ఎంత దూరం?" అని అడిగితే మీలో చాలామంది "చాలా దూరం" అంటారు. మాట నిజమే, కానీ అది కొలత కాదు. ఎంత దూరమో, ఎంతసేపు పడుతుందో, ఎందుకు పడుతుందో తెలిస్తే ఇంట్లో జరిగే చాలా విషయాలు మీకు అర్థమవుతాయి.

1. దూరం: తెలుగులో ఎలా చెబుతాం?

తెలుగులో దూరానికి మంచి మంచి మాటలు ఉన్నాయి. బాగా దగ్గరగా ఉంటే "కూతవేటు దూరం" అంటాం. అంటే ఇక్కడ నిలబడి గట్టిగా కూత వేస్తే, అదే, గట్టిగా పిలిస్తే, అక్కడికి వినపడేంత దూరం. మీ పక్కింటి స్నేహితుడు మీకు కూతవేటు దూరంలో ఉన్నాడు.

ఎక్కువ దూరాన్ని పాతకాలంలో "ఆమడ" అనే కొలతతో చెప్పేవారు. ఒక ఆమడ అంటే సుమారు 8 మైళ్లు. ఎవరైనా ఒక విషయానికి భయపడి దూరంగా ఉంటే "వాడు గణితం అంటే ఆమడ దూరం పారిపోతాడు" అని ఇప్పటికీ అంటాం. మీరు మాత్రం పారిపోకండి, లెక్క ఇప్పుడే మొదలవుతుంది.

మనకు దగ్గరలో ఉన్న పెద్ద విమానాశ్రయం సీటాక్. సియాటిల్, టకోమా అనే రెండు ఊళ్ల పేర్లు కలిపి ఆ పేరు పెట్టారు. హైదరాబాద్‌లో విమానాశ్రయం శంషాబాద్‌లో ఉంది. అది 2008లో మొదలైంది. మీ అమ్మానాన్నల చిన్నప్పుడు విమానాలు ఊరి మధ్యలో ఉన్న బేగంపేట నుంచి ఎగిరేవి. సీటాక్ నుంచి శంషాబాద్‌కు భూమి మీద అతి దగ్గరి దారిలో కొలిస్తే సుమారు 12,500 కిలోమీటర్లు, అంటే దాదాపు 7,800 మైళ్లు.

దీన్ని ఆమడల్లోకి మారుద్దాం. 7,800ని 8తో భాగిస్తే 975. అంటే మీరు అమ్మమ్మకు దాదాపు వెయ్యి ఆమడల దూరంలో ఉన్నారు!

ఈ దూరం ఎంత పెద్దదో తెలియాలంటే ఇంకో లెక్క చూడండి. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కాబట్టి భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్య అయినా దూరం దాదాపు 20,000 కిలోమీటర్లకు మించదు. అంతకన్నా దూరం పోతే అటువైపు నుంచి మళ్లీ దగ్గరవుతూ వస్తాం కదా! ఆ 20,000లో మనది 12,500. అంటే ఉండగలిగినంత దూరంలో సగం కంటే ఎక్కువే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సముద్రం మీద కూడా నడుస్తుంది అనుకుందాం. పగలూ రాత్రీ ఎక్కడా ఆగకుండా నడిపినా 125 గంటలు పడుతుంది. అంటే ఐదు రోజుల పైన ఐదు గంటలు.

2. మ్యాపులో గీత వేరు, గ్లోబు మీద దారం వేరు

ఇంట్లో గ్లోబు ఉంటే తెచ్చుకోండి. లేకపోతే లైబ్రరీలో ఉంటుంది. ఒక దారం తీసుకుని ఒక చివర సియాటిల్ మీద, ఇంకో చివర హైదరాబాద్ మీద పెట్టి గట్టిగా లాగండి. దారం ఎటు పోయింది?

గోడ మీది మ్యాపు చూస్తే, సియాటిల్ నుంచి కుడివైపుకి అమెరికా, అట్లాంటిక్ మహాసముద్రం, యూరప్ దాటుకుని వెళ్లాలి అనిపిస్తుంది. కానీ దారం అలా పోదు. అది నేరుగా పైకి పోతుంది. కెనడా, అలాస్కా మీదుగా ఆర్కిటిక్ మహాసముద్రం దాటి, రష్యాలోని సైబీరియా మీదికి దిగి, చైనా పశ్చిమ భాగం, హిమాలయాలు దాటి హైదరాబాద్ చేరుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అదే అతి దగ్గరి దారి. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద గీసినప్పుడు ఉత్తరాన, దక్షిణాన ఉన్న చోట్లు సాగిపోతాయి. అందుకే మ్యాపులో సూటిగా కనిపించే గీత నిజానికి చుట్టుదారి కావచ్చు.

మరి విమానాలు సరిగ్గా ఆ దారం దారిలోనే వెళ్తాయా? అన్నిసార్లూ వెళ్లవు. దానికి కొన్ని కారణాలు ఉన్నాయి.

మొదటిది టిబెట్ పీఠభూమి. పీఠభూమి అంటే ఎత్తుగా ఉండి, పైన చదునుగా ఉండే నేల. టిబెట్ సగటు ఎత్తు 4,500 మీటర్లు, అంటే దాదాపు 15,000 అడుగులు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గిపోతే మన సీటు పైనుంచి ఆక్సిజన్ మాస్కులు పడతాయి. వాటిలో ఆక్సిజన్ కొద్ది నిమిషాలే వస్తుంది. ఆలోపు పైలట్ విమానాన్ని మామూలుగా గాలి పీల్చుకోగలిగే ఎత్తుకు, అంటే సుమారు 10,000 అడుగులకు దించాలి. కింద నేలే 15,000 అడుగుల ఎత్తులో ఉంటే ఎలా దించుతారు? అందుకే చాలా విమానాలు టిబెట్‌ను తప్పించుకుని వెళ్తాయి.

రెండోది, దేశాల అనుమతి. ఆకాశంలో గీతలు కనపడవు కానీ, ప్రతి దేశానికీ తన పైనున్న ఆకాశం మీద హక్కు ఉంటుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమాన సంస్థలకు రష్యా ఆకాశం మూతపడింది. అలాంటప్పుడు చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. ఎక్కడో జరిగే యుద్ధం మీ ప్రయాణంలో గంటలు పెంచుతుందన్నమాట.

3. మధ్యలో ఎందుకు దిగాలి?

సీటాక్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా వెళ్లే విమానం లేదు. ఎక్కడో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కాలి. "అంత దూరం ఒకేసారి ఎగరలేదా?" అని మీరు అడగొచ్చు. ఎగరగలదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,000 కిలోమీటర్ల పైన ఉంది, అక్కడ నేరుగా విమానం నడుస్తుంది. ఇంకో ఉదాహరణ మన వాళ్లదే. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరి, సుమారు 17 గంటల్లో బెంగళూరులో దిగింది. ఆ విమానం నడిపింది మొత్తం మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ వాళ్లకు నాయకురాలు. నలుగురు పైలట్లలో కెప్టెన్ పాపగారి తన్మయి ఒకరు. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకు కూడా నేరుగా విమానం మొదలైంది, కానీ అది ఆ తర్వాత ఆగిపోయింది. 2020లో ఒక అమెరికా సంస్థ సియాటిల్ నుంచి బెంగళూరుకు నేరుగా విమానం నడుపుతామని ప్రకటించింది. కోవిడ్ వచ్చింది, అది మొదలవ్వనే లేదు.

కాబట్టి దూరం ఒక్కటే అడ్డు కాదు. రోజూ ఆ విమానం నిండా జనం ఉండాలి. అంత దూరం ఎగిరే విమానం ఉండాలి. దారిలో దేశాలు ఒప్పుకోవాలి. ఇంధనం లెక్క కూడా కుదరాలి. దూరం వెళ్లే విమానం ఎక్కువ ఇంధనం మోయాలి. ఆ ఇంధనం బరువును మోయడానికి మళ్లీ ఇంకొంత ఇంధనం కావాలి! ఊరికి వెళ్లేటప్పుడు పెట్టెల బరువు చూస్తూ అమ్మ "ఇంకో రెండు కేజీలు తగ్గించాలి" అంటుంది చూడండి, విమానానికీ అదే గొడవ.

ఒకచోట దిగి వెళ్తే దూరం ఎంత పెరుగుతుందో చూద్దాం. ఇవన్నీ దగ్గరి దారిలో కొలిచిన సుమారు లెక్కలు.

దుబాయ్ మీదుగా: 11,900 + 2,550 = 14,450 కిలోమీటర్లు
లండన్ మీదుగా: 7,700 + 7,750 = 15,450 కిలోమీటర్లు
సింగపూర్ మీదుగా: 13,000 + 3,300 = 16,300 కిలోమీటర్లు

ఇందులో ఒక తమాషా ఉంది. సియాటిల్, దుబాయ్ గ్లోబు మీద దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి. అందుకే వాటి మధ్య దారం పట్టుకుంటే ఉత్తర ధ్రువానికి చాలా దగ్గరగా పోతుంది. సియాటిల్ నుంచి దుబాయ్‌కు నేరుగా విమానాలు 2012లో మొదలయ్యాయి. లండన్‌కు మాత్రం సియాటిల్ నుంచి, హైదరాబాద్ నుంచి దాదాపు ఒకే దూరం. అంటే లండన్ మనకు సరిగ్గా సగం దారి.

4. వేగం: 900తో భాగించి చూడండి

పెద్ద విమానం పైకి వెళ్లాక గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది.

లండన్‌కు: 7,700 ÷ 900 = సుమారు ఎనిమిదిన్నర గంటలు.

కానీ నిజంగా సియాటిల్ నుంచి లండన్‌కు తొమ్మిదిన్నర గంటల దాకా పడుతుంది. మిగతా గంట ఎక్కడికి పోయింది? విమానం నేల మీద మెల్లగా నడుస్తుంది, పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ, దారి కూడా కొంచెం వంకరపోతుంది. అందుకే మన లెక్కకు గంట కలుపుకుంటే నిజానికి దగ్గరగా వస్తుంది.

ఇంకో విషయం గాలి. భూమికి 10 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వాటిని జెట్ స్ట్రీమ్ అంటారు. తూర్పుకు పోయే విమానాన్ని ఆ గాలి వెనకనుంచి తోస్తుంది. పడమరకు వచ్చే విమానానికి ఎదురుగాలి. సైకిల్ తొక్కేటప్పుడు ఎదురుగాలి వస్తే ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకే ఇండియాకు వెళ్లేటప్పటి కంటే తిరిగి వచ్చేటప్పుడు సాధారణంగా కొంచెం ఎక్కువసేపు పడుతుంది.

5. గుమ్మం నుంచి గుమ్మం దాకా

టికెట్ మీద రాసి ఉండేది విమానం సమయమే. మన ప్రయాణం ఇంటి గుమ్మం దగ్గర మొదలై ఇంకో ఇంటి గుమ్మం దగ్గర ముగుస్తుంది. మీ అమ్మమ్మ వాళ్లిల్లు విజయవాడలో ఉంది, మీరు దుబాయ్ మీదుగా వెళ్తున్నారు అనుకుందాం.

రెడ్‌మండ్ ఇంటి నుంచి సీటాక్‌కు: 1 గంట (ట్రాఫిక్ లేకపోతే తక్కువ)
ముందే వెళ్లి ఉండాల్సిన సమయం: 3 గంటలు
మొదటి విమానం: 14 గంటలు
మధ్యలో ఎదురుచూపు: 4 గంటలు
రెండో విమానం: మూడున్నర గంటలు
శంషాబాద్‌లో పాస్‌పోర్ట్ చూపించి పెట్టెలు తీసుకోవడం: గంటన్నర
కారులో విజయవాడకు: 5 గంటలు

మొత్తం 32 గంటలు. ఇందులో గాల్లో ఉన్నది పదిహేడున్నర గంటలు మాత్రమే. మిగతాదంతా నడవడం, నిలబడటం, కూర్చోవడం, "ఇంకా ఎంతసేపు?" అని అడగడం.

ఇక్కడ తెలుగు అంకెల మాటలు గమనించండి. 1.5 గంటలు అంటే గంటన్నర. 3.5 అంటే మూడున్నర. 17.5 అంటే పదిహేడున్నర. చివర "న్నర" వస్తే సగం కలిపామని గుర్తు. "అర" అంటే సగం, "పావు" అంటే నాలుగో భాగం, "ముప్పావు" అంటే మూడు పావులు.

6. ఆదివారం ఎక్కడికి పోయింది?

ఎండాకాలంలో శనివారం సాయంత్రం 6 గంటలకు సీటాక్‌లో విమానం ఎక్కారు అనుకుందాం. 14 గంటలు, 4 గంటలు, మూడున్నర గంటలు కలిపితే ఇరవై ఒకటిన్నర గంటలు. మీ చేతి గడియారం మార్చకపోతే, హైదరాబాద్‌లో దిగేసరికి అది ఆదివారం మధ్యాహ్నం మూడున్నర చూపిస్తుంది. కానీ అక్కడ బయట సోమవారం తెల్లవారుజామున 4 గంటలు! ఆదివారం కాస్తా మాయమైపోయినట్టు ఉంటుంది.

మాయ ఏమీ లేదు. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి సూర్యుడు మనకంటే ముందు హైదరాబాద్‌లో ఉదయిస్తాడు. భూమి ఒక గంటలో 15 డిగ్రీలు తిరుగుతుంది. భారతదేశం అంతటికీ గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి పెట్టారు. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. 82.5ని 15తో భాగిస్తే ఐదున్నర. అందుకే భారతదేశం సమయం ఇంగ్లాండ్‌లోని గ్రీనిచ్ సమయం కంటే ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. మనం రెడ్‌మండ్‌లో గ్రీనిచ్ కంటే చలికాలంలో 8 గంటలు, ఎండాకాలంలో 7 గంటలు వెనక ఉంటాం. రెండూ కలపండి: చలికాలంలో పదమూడున్నర, ఎండాకాలంలో పన్నెండున్నర గంటల తేడా.

తిరిగి వచ్చేటప్పుడు పోయిన రోజు మళ్లీ దొరుకుతుంది. సోమవారం పొద్దున 10 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి, ఇరవై రెండున్నర గంటలు ప్రయాణం చేస్తే, సీటాక్‌లో దిగేసరికి ఇంకా సోమవారం రాత్రి 8 గంటలే!

శరీరానికి మాత్రం ఈ లెక్క తెలియదు. దానికి లోపల ఒక గడియారం ఉంటుంది. అది కొన్ని రోజులు పాత ఊరి సమయమే చూపిస్తుంది. అందుకే అమ్మమ్మ వాళ్లింట్లో మీకు అర్ధరాత్రి ఆకలేస్తుంది, పగలు నిద్ర ముంచుకొస్తుంది. పొద్దున్నే బయట ఎండలో కాసేపు ఆడుకుంటే ఆ గడియారం త్వరగా సర్దుకుంటుంది.

7. ఫోన్ చేసే ముందు ఒక చిట్కా

ఎండాకాలంలో: పగలును రాత్రి చేయండి, అరగంట కలపండి. ఇక్కడ శనివారం రాత్రి 8 అయితే అక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర.
చలికాలంలో: పగలును రాత్రి చేయండి, గంటన్నర కలపండి. ఇక్కడ శనివారం రాత్రి 8 అయితే అక్కడ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర.

మనం మార్చిలో రెండో ఆదివారం గడియారం ముందుకు తిప్పుతాం, నవంబర్‌లో మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతాం. భారతదేశంలో ఎప్పుడూ తిప్పరు. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు మీ ఫోన్ వస్తుందని తాతయ్య కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నవంబర్‌లో మీరు ఎప్పటిలాగే ఇక్కడ రాత్రి 8కి చేస్తే, ఆయన అక్కడ ఒక గంట ఎదురుచూస్తారు. ఆయన చెప్పరు. "ఇప్పుడే కూర్చున్నానమ్మా" అంటారు. కాబట్టి గడియారం మారిన వారం ఆ సంగతి ముందే ఆయనకు చెప్పండి.

8. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే

ఈ పాఠంలో ఇది కొంచెం బరువైన భాగం. మీరు పెద్దవాళ్లవుతున్నారు కాబట్టి చెబుతున్నాను.

అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ వస్తే అమ్మానాన్న ఉలిక్కిపడి లేస్తారు. ఎందుకో ఇప్పుడు మీరు లెక్క వేయగలరు. ఇక్కడ రాత్రి 2 గంటలు అంటే ఎండాకాలంలో అక్కడ మధ్యాహ్నం రెండున్నర. మనం నిద్రపోయే సమయం అని అక్కడివాళ్లకు తెలుసు, అందుకే మామూలుగా అప్పుడు చేయరు. చేశారంటే ఏదో పెద్ద విషయం అయ్యుండొచ్చు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోవచ్చు.

అప్పుడు ఎంత తొందరపడినా దూరం తగ్గదు. మంగళవారం రాత్రి 2 గంటలకు ఫోన్ వచ్చింది, అదే రోజు సాయంత్రం 6 గంటల విమానం దొరికింది అనుకుందాం. హైదరాబాద్‌లో దిగేది గురువారం తెల్లవారుజామున 4 గంటలకు. పెట్టెలు తీసుకుని విజయవాడ చేరేసరికి గురువారం పొద్దున పదిన్నర. ఫోన్ మోగినప్పటి నుంచి 44 గంటలు! మాట ఒక్క క్షణంలో వస్తుంది, మనిషి వెళ్లడానికి దాదాపు రెండు రోజులు. ఆ 44 గంటల్లో అమ్మ మాట్లాడకుండా కూర్చున్నా, నాన్న చిన్నదానికే విసుక్కున్నా, అది మీ మీద కోపం కాదు. వాళ్ల మనసు అప్పటికే అక్కడికి వెళ్లిపోయింది, మనిషి మాత్రం ఇంకా దారిలో ఉన్నారు.

అప్పుడు మీరు చేయగలిగిన పనులు ఉన్నాయి. చెల్లికో తమ్ముడికో తోడుగా ఉండండి. ఫోన్ చార్జర్, నీళ్ల సీసా, కళ్లజోడు పెట్టెలో పెట్టడానికి సాయం చేయండి. ఇంకొకటి ముందే చేయాల్సిన పని: మీ పాస్‌పోర్ట్ గడువు ఎప్పటిదాకా ఉందో ఈ వారమే అమ్మానాన్నలను అడిగి చూడండి. 16 ఏళ్లలోపు తీసుకున్న అమెరికా పాస్‌పోర్ట్ 5 ఏళ్లే ఉంటుంది. ఇండియా వెళ్లాలంటే దానితోపాటు ఓసీఐ కార్డు గానీ వీసా గానీ ఉండాలి. అవి సరిగ్గా ఉంటే, వెళ్లాల్సి వచ్చిన రోజున మీరు కూడా వెళ్లగలుగుతారు.

మీరే చేయండి

1. చలికాలం. రెడ్‌మండ్‌లో శుక్రవారం రాత్రి 7 గంటలు. హైదరాబాద్‌లో ఏ రోజు, ఎన్ని గంటలు?
2. ఎండాకాలం. హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి 7 గంటలు. రెడ్‌మండ్‌లో ఏ రోజు, ఎన్ని గంటలు?
3. సియాటిల్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 8,200 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున ఎంతసేపు? మన "గంట కలుపు" సూత్రంతో ఎంతసేపు?
4. మీ ఇంటి గుమ్మం నుంచి మీ ఊరి గుమ్మం దాకా ఎన్ని గంటలో అమ్మానాన్నలను అడిగి, పైన చూపినట్టు ఒక్కొక్క వరుస రాయండి. చివర మొత్తం కలపండి.
5. "కూతవేటు దూరం", "ఆమడ దూరం": ఈ రెండు మాటలతో ఒక్కో వాక్యం రాయండి.

జవాబులు: 1. శనివారం పొద్దున ఎనిమిదిన్నర. 2. ఆదివారం పొద్దున ఆరున్నర. 3. తొమ్మిది గంటల పైన కొంచెం. గంట కలిపితే సుమారు పది గంటలు. నాలుగు, ఐదు ప్రశ్నలకు జవాబులు మీ ఇంట్లోనే ఉన్నాయి.

ఈ వారం ఊరికి ఫోన్ చేసినప్పుడు మొదటి మాట మీరే మాట్లాడండి. "అమ్మమ్మా, ఇప్పుడు అక్కడ పొద్దున ఎనిమిదిన్నర కదా, టిఫిన్ తిన్నావా?" అని అడగండి. టైమ్ సరిగ్గా చెప్పారో లేదో ఆవిడే చెబుతుంది.